న్యూయార్క్ ముద్దుపేరు గుర్రపుశాలలో పుట్టింది

న్యూయార్క్‌ను ‘బిగ్ యాపిల్’ అని ఎందుకంటారని అడిగితే తలా ఒక కథ చెబుతారు. 1930 ప్రాంతంలో ఆర్థిక మాంద్యం దెబ్బకు ఉద్యోగాలు పోయినవాళ్లు నగర వీధుల్లో ఐదు సెంట్లకో కాయ చొప్పున యాపిల్స్ అమ్ముకున్నారు, అలా వచ్చిందంటారు కొందరు. అమ్మిన మాట నిజమే. కానీ అప్పటికే తొమ్మిదేళ్లుగా ఆ పేరు పత్రికల్లో ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో యాపిల్ తోటలు ఎక్కువ కాబట్టి ఆ పేరొచ్చిందంటారు మరికొందరు. తోటలున్న మాటా నిజమే, పేరు మాత్రం అటునుంచి రాలేదు. అన్నిటికన్నా చెడ్డది ఈవ్ అనే వేశ్యాగృహ యజమానురాలి కథ. పంతొమ్మిదో శతాబ్దంలో ఆవిడ దగ్గరున్న అమ్మాయిలను ‘యాపిల్స్’ అనేవారట. 1990లలో ఇంటర్నెట్‌లోకి వదిలిన కట్టుకథ అది. కష్టజీవుల నోట పుట్టిన మాటకు ఇలాంటి పుట్టుక అంటగట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అసలు కథ మొదలైంది న్యూయార్క్‌కు సుమారు 1,900 కిలోమీటర్ల దూరాన, న్యూ ఆర్లీన్స్‌లోని ఫెయిర్ గ్రౌండ్స్ అనే గుర్రప్పందాల మైదానంలో.

చలికాలంలో అమెరికా ఉత్తరాది మంచుతో గడ్డకడుతుంది. ఆ రోజుల్లో అప్పుడు అక్కడ పందాలు సాగేవి కావు. అందుకని గుర్రాలను దక్షిణాదికి తోలుకొచ్చి న్యూ ఆర్లీన్స్ లాంటి చోట్ల పరిగెత్తించేవారు. వసంతం రాగానే మళ్లీ రైలెక్కించి, మధ్యలో మేరీల్యాండ్ మైదానాల్లో కొన్నాళ్లు ఆడించి, సత్తా ఉన్నవాటిని న్యూయార్క్ చేర్చేవారు. బెల్మాంట్ పార్క్, ఆక్విడక్ట్, సరటోగా ఆ రాష్ట్రంలోవే. పెద్ద బహుమతుల్లో చాలావరకు అక్కడే. చిన్న ఊళ్ల మైదానాల్లో ఏళ్ల తరబడి తిరిగే జాకీకైనా, గుర్రానికి మేత వేసే మనిషికైనా న్యూయార్క్ చేరడమంటే జన్మ తరించినట్టే.

జాన్ ఫిట్జ్‌గెరాల్డ్ ‘న్యూయార్క్ మార్నింగ్ టెలిగ్రాఫ్’లో పందాల వార్తలు రాసేవాడు. 1920 ప్రాంతంలో ఆయన న్యూ ఆర్లీన్స్ వెళ్లినప్పుడు ఇద్దరు నల్లజాతి పనివాళ్లు, పరుగు ముగిసిన గుర్రాలను ఒళ్లు చల్లబడేదాకా నడిపిస్తూ కబుర్లాడుకోవడం విన్నాడు. ఇక్కణ్నుంచి మీ మకాం ఎక్కడికని ఒకతను అడిగాడు. బిగ్ యాపిల్‌కే అని రెండో అతను గర్వంగా బదులిచ్చాడు. అలాగైతే ముందు ఆ గుర్రాలకు కాస్త కండ పట్టించు, లేకపోతే ఆ యాపిల్‌లో నీకు దక్కేది తినగా మిగిలిన గింజల ముద్దే అని మొదటివాడు చురక వేశాడు. ఆ మాట ఫిట్జ్‌గెరాల్డ్ మనసుకు పట్టేసింది. 1921 మే 3న మొదటిసారి తన వార్తలో వాడాడు. తర్వాత తన శీర్షికకే ‘అరౌండ్ ది బిగ్ యాపిల్’ అని పేరు పెట్టుకున్నాడు. 1924 ఫిబ్రవరిలో ఆ మాట తనకెలా దొరికిందో దాపరికం లేకుండా రాశాడు. తానే పుట్టించానని చెప్పుకున్నా ఆ రోజుల్లో కాదనేవాళ్లు లేరు, ఆయన అలా చెప్పుకోలేదు. ఈ విషయంలో ఆయన మీద నాకు గౌరవం.

కానీ ఆ ఇద్దరు పనివాళ్ల పేర్లు రాయలేదు. 1921 నాటి వార్తలో గుర్రం పేరుంది, దాని యజమాని పేరుంది, న్యూయార్క్‌కు తీసుకెళుతున్న వ్యక్తి పేరూ ఉంది. ఆ మాట పలికిన ఇద్దరి పేర్లే ఎక్కడా లేవు.

ఆ మనుషులు గుర్రపుశాలకే ఎందుకు పరిమితమయ్యారో కూడా తెలుసుకోవాలి. 1875లో జరిగిన మొట్టమొదటి కెంటకీ డెర్బీ గుర్రప్పందెంలో 15 మంది జాకీలు పాల్గొంటే వాళ్లలో 13 మంది నల్లజాతివారు. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా వాళ్లలో ఒకడే. ఐజక్ మర్ఫీ 1884, 1890, 1891లలో ఆ డెర్బీ గెలిచాడు. 1901, 1902లలో జిమ్మీ వింక్‌ఫీల్డ్ వరసగా గెలిచాడు. ఆ తర్వాత ఇంతవరకూ నల్లజాతి జాకీ ఎవరూ ఆ పందెం గెలవలేదు. జాత్యహంకారం ముదిరాక తెల్ల జాకీలు వాళ్లను కంచెకేసి నొక్కేవారు, కొరడాలతో కొట్టేవారు. యజమానులు ఆ గొడవ మనకెందుకని నల్లవాళ్లకు గుర్రాలివ్వడం మానేశారు. 1920 నాటికి వాళ్లలో ఎక్కువమందికి మిగిలింది మాలిష్, మేత, పేడ ఎత్తడం. న్యూ ఆర్లీన్స్‌లో ఆ ఇద్దరి మాటల్లో ఉన్న ఆశను ఈ చరిత్ర తెలిసి చదివితే దాని బరువు అర్థమవుతుంది.

1930లలో జాజ్ సంగీతకారులు ఆ పేరును అందిపుచ్చుకున్నారు. ఊరూరా కచేరీలు చేసుకు తిరిగే వాళ్లకు న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో వాయించే అవకాశం రావడమే బిగ్ యాపిల్. 1937లో అదే పేరుతో ఒక నృత్యం దేశాన్నంతా ఊపేసింది. అది పుట్టింది దక్షిణ కెరొలైనాలోని కొలంబియాలో, ఒకప్పటి యూదుల ప్రార్థనా మందిరంలో నల్లజాతివారు నడిపిన క్లబ్బులో. తర్వాత ఆ పేరు మెల్లగా వాడుక తప్పింది.

దాన్ని మళ్లీ లేవనెత్తింది నగర పర్యాటక సంస్థ అధ్యక్షుడు చార్లెస్ జిలెట్. ఆయన జాజ్ అభిమాని. నేరాలకూ అప్పులకూ పేరుపడ్డ నగరానికి 1971లో ఎర్ర యాపిల్ బొమ్మతో ప్రచారం మొదలుపెట్టాడు. 1975లో నగరం దివాలా అంచుదాకా వెళ్లింది, అయినా ఎర్ర యాపిల్ మాత్రం జనం చొక్కాల మీద నిలిచింది.

ఆ పేరు మూలాన్ని తవ్వి తీసింది ఇద్దరు పరిశోధకులు, జెరాల్డ్ కోహెన్, బారీ పాపిక్. పాపిక్ అప్పట్లో న్యూయార్క్‌లో పార్కింగ్ జరిమానాల వివాదాలు విచారించే ఉద్యోగం చేసేవాడు. పని అయ్యాక పాత పత్రికల మైక్రోఫిల్ములు తిప్పుకుంటూ కూర్చునేవాడు. వాళ్ల కృషి వల్లే 1997లో ఫిట్జ్‌గెరాల్డ్ చివరి 29 ఏళ్లు నివసించిన చోట, బ్రాడ్వేలో 54వ వీధి మూలకు ‘బిగ్ యాపిల్ కార్నర్’ అని నగరం అధికారికంగా పేరు పెట్టింది. ఆ గౌరవానికి ఫిట్జ్‌గెరాల్డ్ తగినవాడే. అయితే ఆ మాట న్యూ ఆర్లీన్స్‌లో గుర్రాలను నడిపించిన ఇద్దరు నల్లజాతి పనివాళ్లదని కూడా అదే మూలన, దారినపోయే అందరికీ కనిపించేంత పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలని నా కోరిక.