శిక్షకుని మాట, ఆటగాని ధైర్యము

బాస్కెట్‌బాల్ ఆట పుట్టిన నాడు దానికి శిక్షకుడు లేడు. 1891 డిసెంబరులో, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందలి వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున యువకులకు ఇంటిలోపల ఏదేని వ్యాయామము కావలెనని తలచి, వ్యాయామశాల మేడవసారాకు రెండు పండ్లబుట్టలు కొట్టించి, పదమూడు నిబంధనలు వ్రాసి, ఈ క్రీడను ప్రారంభించెను. ఆ పదమూడింటిలో శిక్షకుని ప్రసక్తియే లేదు. ఆట ప్రబలిన కొలదియు శిక్షకులు వచ్చిరి. వారితోపాటు వారి నోటికి తాళము వేయు నిబంధనలును వచ్చినవి. ఆట జరుగుచుండగా వెలుపలినుండి ఉపాయము చెప్పుట అపరాధముగా ఎంచబడెను. విరామ సమయమున శిక్షకుడు తన ఆటగాండ్రతో మాటలాడవచ్చునని అమెరికా కళాశాలల ఆటలో ఒప్పుకొన్నది 1948-49లో మాత్రమే. నైస్మిత్ తానును కాన్సాసు విశ్వవిద్యాలయమున కొంతకాలము శిక్షకుడుగా నుండెను. ఆయన జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడినది. ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులందరిలో గెలుపులకన్న ఓటములెక్కువగా గలవాడు ఈ ఆటను కనిపెట్టినవాడొక్కడే యగుట నాకు ఎప్పుడును వింతగనే తోచును.

ఈనాడు వేతనములు గొని ఆడు వృత్తిజట్ల ఆటలో శిక్షకుని స్థానము వేరు. ముఖ్యముగా ప్లేఆఫులు అనబడు తుదిపోటీలలో అతని ప్రతి నిర్ణయమును లక్షలమంది తూకము వేయుదురు. ఈ పోటీల పద్ధతిని శ్రోతలకు రెండు మాటలలో విన్నవించెదను. ఏడు ఆటలలో నాలుగు ముందుగా గెలిచిన జట్టుది జయము. అనగా ఒకే ప్రత్యర్థితో వరుసగా రెండు వారములు పోరవలెను. మొదటి రెండు మూడు ఆటలలోనే ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోవును. అటుపిమ్మట కొత్తగా చేయదగినది రెండే: శిక్షకుడు ఆటగాండ్రను మార్చుట, ఆటగాడు తన మనసును దిటవు చేసికొనుట. ఈ రెండును వేర్వేరు విషయములని చాలమంది భావింతురు. చరిత్రను పరిశీలించినచో అట్లు తోచదు. ఎవరిని కూర్చుండబెట్టవలెనని శిక్షకుడు నిశ్చయించునప్పుడు, అతడు తెలిసియో తెలియకయో ఎవరిని నమ్మితినో చెప్పుచున్నాడు.

ఇందుకు 1969వ సంవత్సరపు తుది సమరమును మించిన నిదర్శనము లేదు. ఒకవైపు లాస్ ఏంజలిసు లేకర్సు జట్టు. అందు జెర్రీ వెస్టు, ఎల్జిన్ బేలర్, విల్ట్ చాంబర్లేన్ అను ముగ్గురు మహారథులు. చాంబర్లేన్ ఏడడుగుల మీద ఒక అంగుళము పొడవుగలవాడు. ఒకే ఆటలో నూరు పాయింట్లు చేసిన బలశాలి. రెండవవైపు బోస్టన్ సెల్టిక్సు. వారప్పటికి ముదిరిన జట్టు. తమ విభాగమున నాలుగవ స్థానముతో ఎట్లో తుదిపోటీలలో ప్రవేశించినవారు. వారి నాయకుడు బిల్ రస్సెల్. అతడు ఆటగాడును, శిక్షకుడును తానే. 1966లో ఆ పదవి స్వీకరించి, ఆ సంఘమున ముఖ్యశిక్షకుడైన మొదటి నల్లజాతివాడుగా చరిత్రకెక్కినవాడు. ఎవరిని ఆడించవలెను, ఎవరిని ఆపవలెను అను ప్రశ్న అతనికి మైదానము నడుమ, బంతి చేతనుండగనే వచ్చుచుండెడిది.

లేకర్సు మొదటి రెండు ఆటలు గెలిచిరి. నాలుగవ ఆట చివరి క్షణమున శాం జోన్సు తడబడు కాలితో విసరిన బంతి బుట్టలో పడి, బోస్టను 89-88తో బయటపడెను. తుదకు ఇరువురును మూడేసి ఆటలు గెలిచి, మే 5వ తేదీన లాస్ ఏంజలిసులో ఏడవ ఆటకు నిలిచిరి. లేకర్సు యజమాని జాక్ కెంట్ కుక్ తన జట్టు గెలుపు నిశ్చయమని యెంచి, క్రీడాశాల పైకప్పుకు వేలకొలది బుడగలు వలలలో కట్టించెను. ఆట ముగియగానే బుడగలు ఎట్లు విడువవలెను, వాద్యములు ఏ పాట వాయించవలెను అను వివరములతో ఒక కరపత్రము కూడ అచ్చయ్యెను. అది రస్సెల్ చేతికి చిక్కినది. ఇట్టి కాగితము ప్రత్యర్థి చేతబడిన తరువాత శిక్షకుడు వేరుగా ధైర్యవచనములు పలుకవలసిన పని యేమి?

నాలుగవ భాగము ప్రారంభమగునప్పటికి బోస్టను 15 పాయింట్లు ముందుండెను. అటుపిమ్మట లేకర్సు మెల్లమెల్లగా దగ్గరకు వచ్చిరి. ఇంక అయిదు నిమిషములకు పైగా కాలమున్నదనగా చాంబర్లేన్ బంతికై ఎగిరి దిగుటలో మోకాలు నొచ్చుకొని, బెంచీ చేరెను. అతని బదులు మెల్ కౌంట్సు అను మరియొక పొడగరి దిగెను. ఆశ్చర్యమేమనగా, చాంబర్లేన్ లేని లేకర్సు మరింత వేగముగా పుంజుకొని, ఒక్క పాయింటు తేడాకు వచ్చిరి. అంతట చాంబర్లేన్ తాను బాగుపడితినని, లోనికి పంపుమని కోరెను. శిక్షకుడు బుచ్ వాన్ బ్రెడా కోల్ఫ్ వలదనెను. నీవు లేకయే ఆట చక్కగా సాగుచున్నదని ఆయన సమాధానపు తాత్పర్యము.

నిమిషము మీద కొన్ని క్షణములున్నవనగా బోస్టన్ ఆటగాడు డాన్ నెల్సన్ విసరిన బంతి బుట్ట వెనుక కమ్మికి తగిలి, నిట్టనిలువుగా ఎగిరి, మరల సూటిగా బుట్టలోనే పడెను. 108-106తో సెల్టిక్సు గెలిచిరి. తొడకండరపు బాధతోనే ఆడిన వెస్టు 42 పాయింట్లు చేసెను. ఓడిన పక్షమువాడైనను ఆ పోటీలకు ఉత్తమ క్రీడాకారుడుగా అతనినే ఎన్నుకొనిరి. ఓడిన పక్షమునకు ఆ గౌరవము దక్కుట అదియొక్కసారియే. బుడగలు ఆ రాత్రి వలలలోనే యుండెను.

వాన్ బ్రెడా కోల్ఫ్ చేసినది ఒప్పా తప్పా? ఆయన పక్షమున వాదింప వీలు లేకపోలేదు. చాంబర్లేన్ మోకాలు నొచ్చినది. ఫ్రీత్రోలు వేయుటలో అతడు మొదటినుండియు బలహీనుడు. లోపలనున్న అయిదుగురు ఆటను మలుపు త్రిప్పుచుండిరి. లెక్కలో ఇవి పొరపాట్లు కావు. కాని ఆ నిర్ణయమునకు ముందు ఒక సంవత్సరపు కథ యున్నది. శిక్షకునకును ఆ మహాకాయునకును మొదటినుండి పొసగలేదు. ఇరువురి వైమనస్యము లోకవిదితము. కావున ఆ అయిదు నిమిషములలో పలికినది కేవలము తర్కమని నేననుకొనలేను. వెనుకటి కోపములు కూడ కొంత పలికినవి. కొలది దినములలో ఆయన పదవి విడిచిపోయెను. ఇంకొక నష్టమును జరిగినది. చాంబర్లేన్ ఆటనుండి తప్పుకొన్న తీరును రస్సెల్ బహిరంగముగా ఆక్షేపించెను. అంతవరకు మిత్రులైన వారిరువురును పెక్కేండ్లు మాటలు మానిరి. తరువాత కలిసికొనిరి గాని నడుమ గడచిన యేండ్లు తిరిగి రావుగదా.

మరుసటి సంవత్సరము లేకర్సు మరల తుది సమరమునకు వచ్చిరి. మరల ఏడవ ఆటలోనే ఓడిరి. ఈమారు ప్రత్యర్థి న్యూయార్కు నిక్సు. వారి నాయకుడు విల్లిస్ రీడ్ తొడకండరము చినిగి ఆరవ ఆట ఆడలేకపోయెను. అందు చాంబర్లేన్ 45 పాయింట్లు గుప్పించెను. 1970 మే 8వ తేదీన ఏడవ ఆటకు ముందు రీడ్ సూదిమందు పుచ్చుకొని, కుంటుచు మైదానమునకు వచ్చెను. మొదటి రెండు విసురులును బుట్టలో వేసెను. ఆ రాత్రి అతడు చేసినవి ఆ నాలుగు పాయింట్లే. కాని అతని సహచరుడు వాల్ట్ ఫ్రేజర్ 36 పాయింట్లు చేసి, మరి 19 బుట్టలకు బంతి నందించెను. న్యూయార్కు 113-99తో గెలిచినది. వైద్యశాస్త్రము ప్రకారము రీడ్ ఆ రాత్రి సగము మనిషి. అతడు గుమ్మము దాటి వచ్చినంతనే తక్కినవారికి వచ్చిన బలమును ఏ కొలబద్దతో కొలువగలము?

ధైర్యము వచ్చిన విధముననే పోవుటయు కలదు. 1995 జూన్ 7వ తేదీన ఓర్లాండో జట్టు హూస్టన్ జట్టుపై మూడు పాయింట్ల ఆధిక్యముతో, ఇంక పది క్షణములలో మొదటి ఆట గెలువవలసియుండెను. నిక్ ఆండర్సన్ అను ఆటగానికి రెండు ఫ్రీత్రోలు దొరికినవి. ఒక్కటి పడిన చాలును. రెండును తప్పెను. తిరిగివచ్చిన బంతిని తానే పట్టుకొనగా మరల రెండు దొరికినవి, అవియు తప్పెను. కెనీ స్మిత్ మూడు పాయింట్ల విసురుతో ఆటను సమము చేయగా, అదనపు కాలములో హూస్టన్ 120-118తో గెలిచి, తక్కిన మూడాటలును వరుసగా గెలిచినది. అంతకుముందు నూటికి 70 ఫ్రీత్రోలు వేయుచుండిన ఆండర్సన్, 1996-97లో నూటికి 40 మాత్రమే వేయగలిగెను. చేయి అదే, బుట్ట అదే, దూరము పదునైదడుగులే. నాలుగు తప్పులు ఒక మనిషిని రెండేండ్లు వెంటాడినవి. ఆటగాని కన్న కఠినముగా అతనికి శిక్ష వేయువాడు మరియొకడు లేడు.

ఇంక మన కాలమునకు వత్తము. 2013, 2014, 2015 సంవత్సరముల తుదిపోటీలు మూడును ఒకే గొలుసుగా నాకు కనబడును.

2013 జూన్ 18వ తేదీన సాన్ అంటోనియో స్పర్సు జట్టు మూడాటలు గెలిచి, ఆరవ ఆటలో, ఇంక 28 క్షణములనగా, మయామీ హీట్ జట్టుపై అయిదు పాయింట్లు ముందుండెను. విజయోత్సవమునకై మైదానము చుట్టు పసుపుపచ్చని త్రాళ్లు కట్ట మొదలిడిరి. ఇక్కడ నాకు 1969నాటి బుడగలు జ్ఞప్తికి వచ్చును. శిక్షకుడు గ్రెగ్ పొపొవిచ్ తన జట్టులోని మహాకాయుడు టిం డంకన్‌ను బెంచీపై కూర్చుండబెట్టెను. ఆ రాత్రి డంకన్ 30 పాయింట్లు చేసి, 17 మారులు తిరుగుబంతి పట్టినవాడు. కాని మయామీకి కావలసినవి మూడు పాయింట్ల విసురులు. దూరమునుండి విసరువారిని వెన్నంటుటకు చురుకైన చిన్నవారు కావలెను. ఇది లెక్క. లెబ్రాన్ జేమ్స్ విసురు తప్పినది. తిరుగుబంతి పట్ట డంకన్ లేడు. మయామీకే చిక్కి, జేమ్స్ రెండవమారు వేసెను. స్పర్సు పక్షమున 21 ఏండ్ల కవాయ్ లెనర్డు రెండు ఫ్రీత్రోలలో మొదటిది తప్పెను. మరల జేమ్స్ విసురు తప్పెను. మరల డంకన్ లేడు. క్రిస్ బాష్ బంతి పట్టి రే అలెన్‌కు అందించెను. అతడు వెనుకకు అడుగులు వేసి గీత వెలుపల నిలిచి విసరిన బంతి, 5 క్షణములు మిగిలియుండగా, ఆటను సమము చేసెను. అదనపు కాలములో మయామీ 103-100తో గెలిచెను. ఏడవ ఆటయు వారిదే. ఆ యాటలో చివరి నిమిషమున దగ్గరనుండి వేసిన బంతి తప్పగా డంకన్ అరచేతితో నేలను చరచెను.

వాన్ బ్రెడా కోల్ఫ్‌వలెనే పొపొవిచ్ కూడ తన పెద్ద ఆటగాని కూర్చుండబెట్టి ఓడెను. అయినను తరువాత జరిగినది ఎంత వేరు! ఆరవ ఆట ముగిసిన రాత్రియే ఆయన జట్టునంతను ఒక భోజనశాలకు చేర్చి, ప్రక్కన కూర్చుండి, అందరితో మాటలాడెను. డంకన్ నోట శిక్షకుని మీద ఒక్క నిష్ఠూరము రాలేదు. వారిరువురును కలసి అప్పటికి నాలుగు బిరుదములు గెలిచినవారు. మరుసటి సంవత్సరపు శిక్షణ ప్రారంభమున పొపొవిచ్ చేసిన మొదటి పని, ఆ ఓడిన ఆటల చిత్రమును జట్టంతటికిని చూపుట. మరచిపొండని చెప్పలేదు, చూడుడనెను.

2014లో అవే రెండు జట్లు మరల తలపడినవి. చెరియొక ఆట గెలిచిన తరువాత, మూడవ ఆటకు పొపొవిచ్ పొడవైన స్ప్లిటర్‌ను తప్పించి, బంతి నందించుటలో నేర్పరియైన బోరిస్ దియావ్‌ను మొదటి అయిదుగురిలో నిలిపెను. ఆ రాత్రి మొదటి సగములో స్పర్సు వేసిన విసురులలో నూటికి 75 పైగా బుట్టలో పడినవి. తుది సమరములలో అట్టిది మున్నెన్నడును లేదు. 29 పాయింట్లతో ముందు నిలిచినవాడు, వెనుకటి యేడు ఫ్రీత్రో తప్పిన లెనర్డు. స్పర్సు అయిదాటలలో ముగించిరి. ఉత్తమ క్రీడాకారుడు లెనర్డే. తప్పిన కుర్రవానిని శిక్షకుడు మూలకు త్రోయక, మరింత బరువు నెత్తికెత్తుటయే ఇందుకు కారణమని నేను గట్టిగా నమ్ముదును.

2015లో గోల్డెన్ స్టేట్ వారియర్సు జట్టు, క్లీవ్‌లాండ్ జట్టుతో మూడాటలలో రెండు ఓడి చిక్కులో పడెను. శిక్షకుడు స్టీవ్ కెర్‌కు తుదిపోటీలు అదే మొదటిసారి. ఒకప్పుడు పొపొవిచ్ క్రింద ఆడినవాడు. ఆయనకు సహాయకుడైన నిక్ యురెన్ అను 28 ఏండ్ల యువకుడు రాత్రివేళ 2014నాటి తుది ఆటల చిత్రములు త్రిప్పుచు, దియావ్‌ను దింపిన ఉపాయము గమనించెను. మన జట్టుకును అట్లే చేసిన నేమి? సెంటరు ఆండ్రూ బోగట్‌ను తప్పించి, ఆండ్రీ ఇగుడాలాను మొదట దింపుమని సూచించెను. కెర్ వయసును, పదవిని చూడక ఆ మాట విని ఒప్పుకొనెను. పత్రికలవారడుగగా మార్పేమియు లేదని బొంకెను. తరువాత, నీతిపరుడవని ఎవరును బిరుదమీయరని నవ్వుచు చెప్పెను. వారియర్సు నాలుగవ ఆట 103-82తో గెలిచి, తరువాతి రెండును గెలిచి, నలువదియేండ్లకు బిరుదము పొందిరి.

ఈ ఇగుడాలా అంతకుముందు వృత్తి ఆటలో 750కి పైగా ఆటలాడి, ప్రతిదానియందును మొదటి అయిదుగురిలో నుండినవాడు. ఆ సంవత్సరము కెర్ వచ్చి, నీవు బెంచీనుండి రావలెనని కోరగా, గొణగకో గొణగియో ఒప్పుకొనెను. ఏడాది పొడుగున ఒక్క ఆటయు మొదట దిగలేదు. జూన్ 11న తిరిగి మొదట నిలుమని పిలిచినప్పుడు అతడు సిద్ధముగా నుండెను. ఆ పోటీలకు ఉత్తమ క్రీడాకారుడుగా అతనినే ఎన్నుకొనిరి.

ఇందరును ఇగుడాలాను కొనియాడుదురు; యురెన్ పేరు కూడ కొందరికి జ్ఞాపకము. నా కన్ను మాత్రము బోగట్ వైపు పోవును. ఏడాదియంతయు ఆ జట్టుకు ద్వారపాలకుడుగా నిలిచి, నాలుగవ ఆటలో మూడు నిమిషములైన ఆడక, తరువాత బెంచీ మీదనే యుండి, అతడు తన తోడివారి ఆటను చూచుచుండెను.