బంపర్ సొట్ట: వేడితో సరయ్యేదెంత?

నిజామాబాద్‌ను జగ్దల్‌పూర్‌తో కలిపే 63వ జాతీయ రహదారిపై, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో గీదం పట్టణం ఉంది. ఇటువంటి దూరప్రయాణంలో కారు బంపర్‌కు చిన్న సొట్ట పడితే, మరిగే నీటితోనే దానిని సరిచేయవచ్చు. అయితే ఆ పద్ధతికి పరిమితులున్నాయి.

కారణం: నేటి బంపర్ తొడుగుల్లో అధికభాగం పాలీప్రొపిలీన్ మిశ్రమంతో తయారవుతాయి. ఇది వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. దీని ద్రవీభవన స్థానం సుమారు 160 డిగ్రీల సెల్సియస్. అందువల్ల 100 డిగ్రీల నీటికి కరగదు, వంగడానికి మాత్రం అనువవుతుంది. ఫైబర్ గ్లాస్ బంపర్‌కు ఈ గుణం లేదు.

విధానం: ఇంజన్ ఆపి, సొట్టపై మరిగే నీటిని నెమ్మదిగా పోయాలి. మందపాటి చేతితొడుగులు ధరించి లోపలి నుంచి బయటికి నెట్టాలి. ఆకారం రాగానే చన్నీరు పోస్తే అది నిలుస్తుంది. హీట్ గన్ వాడేవారు దానిని ఒకేచోట నిలపరాదు; రంగు పొక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది.

జాగ్రత్తలు: పగుళ్లకు, విరిగిన క్లిప్పులకు, ఊడిన రంగుకు ఈ పద్ధతి పనికిరాదు. సెన్సర్లు, వైర్ల సమీపంలో వేడి తగలనీయరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వెలుపలికి కనిపించదు. ఢీకొన్నప్పుడు తాకిడిని భరించేవి తొడుగు వెనుకనున్న దిమ్మె, లోహపు కమ్మీ. అవి నలిగినా తొడుగు మునుపటి ఆకారానికి రావచ్చు. కనుక గట్టి దెబ్బ తగిలిన బంపర్‌ను, సొట్ట పోయినప్పటికీ, విప్పించి పరీక్షించుకోవాలి.