కల్పిత జాతుల కఠిన సంస్కృతులు

కల్పిత జాతుల కఠిన సంస్కృతులు అనగా ఫాంటసీ సాహిత్యంలో రచయితలు సృష్టించే జాతులకు కల్పించే కఠోరమైన ఆచారాలు, శిక్షలు, జీవన విధానాలు. నాయకుని శౌర్యాన్ని చూపడానికే పుట్టిన క్రూరజాతిని పాఠకుడు త్వరగా మరచిపోతాడు. కాఠిన్యానికి కారణం, లోపల ఒక కట్టుబాటు, దానిని ఎదిరించే వ్యక్తులు ఉన్నపుడే అది సంస్కృతిగా నమ్మదగినదవుతుంది.

కాఠిన్యానికి కారణం
ఆచారం సాధారణంగా అవసరం నుండి పుడుతుంది. ఫ్రాంక్ హెర్బర్ట్ రచించిన డ్యూన్ (1965) నవలలోని ఫ్రెమెన్లు మానవులే అయినప్పటికీ ఇందుకు మంచి ఉదాహరణ. వీరు నివసించే అర్రాకిస్ ఒక ఎడారి గ్రహం. మరణించినవారి దేహంలోని నీరు తెగకు చెందుతుందన్నది వీరి నియమం. ఎదుటివారి ముందు ఉమ్మివేయడం వీరిలో గౌరవ సూచకం, ఎందుకనగా అది తన ఒంటిలోని నీటిని అర్పించడమే. నీటి కొరత తెలిసిన పాఠకునికి ఈ ఆచారాలు వింతగా తోచవు.

అంతర్గత జీవితం
ఎంతటి క్రూర సమాజమైనా హింసతోనే మనజాలదు. ఆహారం పండించడం, పిల్లలను పెంచడం, ఆయుధాలు చేయడం వంటి పనులకు పరస్పర విశ్వాసం అవసరం. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచించిన ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ (1954-55)లో షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్క్‌లు పైఅధికారులపై విసుగు చెంది, యుద్ధం ముగిశాక నమ్మకస్తులతో ఎక్కడికైనా వెళ్ళిపోవాలని మాట్లాడుకుంటారు.

వాల్మీకి రామాయణంలోని లంక ఇంకా ప్రాచీనమైన ఉదాహరణ. సుందరకాండలో హనుమంతుడు తెల్లవారుజామున అక్కడ వేదఘోష వింటాడు. ఆ రాక్షసులలోనే విభీషణుడు అన్నను ఎదిరిస్తాడు. ఆర్.ఎ. సాల్వటోర్ నవల హోమ్‌లాండ్ (1990)లో డ్రిజ్ట్ కూడా తన డ్రౌ జాతి క్రూరత్వాన్ని సహించలేక నగరాన్ని విడిచి వెళతాడు.

భాష
ప్రత్యేక భాష జాతికి నిండుదనాన్నిస్తుంది. స్టార్ ట్రెక్ లోని క్లింగాన్ల భాషను మార్క్ ఓక్రాండ్ రూపొందించగా, దాని నిఘంటువు 1985లో వెలువడింది. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2015లో విడుదలైన బాహుబలి చిత్రంలోని కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి భాషను రూపొందించాడు. కాలకేయులన్న పేరు మహాభారతంలోని ఒక అసురగణానిది.

విమర్శలు
ఒక జాతి అంతా పుట్టుకతోనే దుష్టమైనదని చెప్పడం ఈ ప్రక్రియలోని ప్రధాన సమస్య. అట్టి జాతిని చంపడంలో పాపమేమీ ఉండదని కథ సూచించినట్లవుతుంది. టోల్కీన్ ఓర్క్‌ల పుట్టుకను గురించి పలు వివరణలు వ్రాసుకున్నాడు గాని దేనినీ తుదిగా నిర్ణయించలేదు. నిజ జీవితంలోని ప్రజల రూపురేఖలను ఇటువంటి జాతులకు అంటగట్టడం మరొక సమస్య. కాలకేయులను నల్లని మేనితో చూపడంపై కూడా ఇటువంటి విమర్శ వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ, ఓర్క్‌లు, డ్రౌలను ఇకపై ఇతర జాతుల వలెనే మంచిచెడులు కలిసినవారుగా చిత్రిస్తామని 2020లో ప్రకటించింది.

క్రూరత్వాన్ని రక్తానికి గాక చరిత్రకు, పరిస్థితులకు, అధికారానికి ముడిపెట్టినపుడు ఆ జాతిలోని ప్రతి వ్యక్తికీ మారే అవకాశం మిగులుతుంది. కథలో ఉత్కంఠ కూడా అక్కడి నుండే పుడుతుంది.