కిత్తనారయు మిరపకాయయు

రైలుమార్గముల యంచులను, మెట్టచేల గట్లను కంచెగా పెరుగు కిత్తనారను మనవారు చాలమంది యెరుగుదురు. కత్తులవంటి మట్టలు, కొనను నల్లని ముల్లు. ఆ మట్టలను నానవైచి చీరి త్రాళ్లు పేనుదురు. మిరపకాయ సంగతి చెప్పనక్కరయే లేదు. ఈ రెండును మన దేశపు మొక్కలు కావు. రెండింటికిని పుట్టినిల్లు మెక్సికో ప్రాంతము. మిరప 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలపై వచ్చి, మిరియము కూర్చున్న పీటమీదనే కూర్చుండి, మన వంటయిండ్ల నేలుచున్నది. కిత్తనార మాత్రము గుమ్మము బయటనే నిలిచినది. పుట్టినింట నీ రెండును ఇప్పు డొక్క గాజుపాత్రలో కలిసికొన్నవి. టెకీలా యను మద్యమున పచ్చిమిరపకాయ ముక్కలును నిమ్మరసమును కలిపిన పానీయము మన నగరములలోని చదువుకొన్న గృహములకును వచ్చుచున్నది. మితముగా త్రాగిన దోషమేమి యని యువకులు అడుగుదురు. ఆ మితమును నిర్ణయించువారెవ్వరు? ఈ ప్రశ్నకు ఆ మొక్క చరిత్రమునందే కొంత సమాధానము గలదు.

కిత్తనార జాతులు కొన్ని పూవుకాడ తొడుగుటకు సిద్ధమైనప్పుడు నడిగుండెను తొలిచినచో తీయని రసము ఊరును. అది పులిసి తెల్లని కల్లగును. దానిని స్పానిషువారు పుల్కే యనిరి. అజ్టెకులు ఆ మొక్కను మాయావెల్ అను దేవతగా కొలిచిరి; కల్లునకు నన్నూరు కుందేళ్లను అధిదేవతలుగా చెప్పిరి. కైపులు నన్నూరు రకములని భావము కాబోలు! దేవతలను చేసినవారే కట్టుబాట్లును చేసిరి. 1540 ప్రాంతమున వ్రాయబడిన మెండోజా చిత్రగ్రంథమున డెబ్బది యేండ్ల వృద్ధులు స్వేచ్ఛగా త్రాగుచున్నట్లును, త్రాగి పట్టుబడిన యువకులు మరణదండన పొందినట్లును బొమ్మలు గలవు. సహాగున్ అను క్రైస్తవ సన్న్యాసి సేకరించిన కథలలో నొకటి మరింత రుచిగా నున్నది. తొలిసారి కల్లు చేసిన పండుగలో ఒక్కొక్కరికి నాలుగు పాత్రలు పోసిరట. ఒక నాయకుడు అయిదవది త్రాగి, మొలగుడ్డ విడిచి, సభలో సిగ్గుమాలి నిలిచెను. తరువాత తన జనముతో ఆ చోటు విడిచిపోయెను. త్రాగినవానిని చంపు దండనీతిని మేము మెచ్చుట లేదు. కాని నాలుగునకు అయిదునకు నడుమ గీత యొకటి యున్నదని ఆ సంఘమున అందరు నెరిగియుండిరి.

1521లో అజ్టెకుల రాజధాని కూలినది. పాత దేవతలతో పాటు పాత కట్టుబాట్లును సడలెను. పిమ్మట వచ్చినది బట్టీ. మనీలానుండి స్పానిషు ఓడలలో పడమటి తీరము చేరిన ఫిలిప్పీను ద్వీపవాసులు కొబ్బరికల్లును బట్టీపట్టు విద్యను తెచ్చిరనియు, ఆ విద్యయే కిత్తనారకు అంటెననియు పండితులు పలువురు తలంచుచున్నారు. హలీస్కో రాష్ట్రమందలి టెకీలా పట్టణమున నీలికిత్తనారను ఆరేడేండ్లో అంతకు మించియో పెంచి, మట్టలు నరికి, మిగిలిన గుండెను ఆవమున నుడికించి, నలిపి, పులియబెట్టి బట్టీపట్టుదురు. ఆ పేరు 1974 నుండి చట్టరక్షితము.

ఇక ప్రభుత్వము చేసిన పని చూడుడు. 1692లో మెక్సికో నగరమున ధాన్యపు కరవుచే అల్లరి చెలరేగి రాజభవనము తగులబడినది. నేరము పుల్కేపై పడినది, నిషేధము వచ్చినది. 1697లో నిషేధము పోయినది. ఆ కల్లుపై వచ్చు పన్ను లేక ఖజానాకు గడవలేదు! మరల 1785లో స్పెయిను రాజు, తన దేశపు ద్రాక్షమద్యములకు గిరాకి తగ్గకుండుటకై, అచ్చటి బట్టీసారాను నిషేధించెను. పదియేండ్లకే, 1795లో, మరియొక రాజు టెకీలాలో బట్టీపట్టుటకు ఒక కుటుంబమునకు అనుమతి నిచ్చెను. ఈ కథ మనకు క్రొత్తది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతోద్యమపు రాత్రిబడులకు పోయిన స్త్రీలు సారాయంగడిని మూయించిరి. వారి యుద్యమము 1992లో జిల్లా యంతట అలముకొన్నది. 1993లో సారాయు, 1995లో మద్యమంతయు ఆంధ్రప్రదేశమున నిషిద్ధమైనవి. 1997లో నిషేధమును సడలించిరి. ఖజానా మాట ఇచ్చటను వినబడినది. పాత్రలో వాటా గలవాడు పాత్రకు గీత గీయుట అరుదు.

కావున గీత గీయవలసిన చోటు ఇల్లే. పానీయము చేయుట సులభము. పచ్చిమిరపకాయను తరిగి కొంచెము నలిపి, 60 మిల్లీలీటర్ల టెకీలా, 30 నారింజమద్యము, 30 నిమ్మరసము పోసి, మంచుగడ్డలతో కుదిపి వడకట్టుదురు. గాజు అంచునకు ఉప్పుకారము అద్దుదురు. మామిడిబద్దకు ఉప్పుకారమద్దుకొని తిను మన పిల్లలకు ఇందులో వింత లేదు. మిరపమంటకు కారణమగు కాప్సేసిన్ నీట సరిగా కరగదు. మద్యసారమున సులభముగా కరగును. అందుచే కొద్ది నిమిషములలోనే కారము దిగును. మరియొక విశేషము గలదు. మన నాడులలో కారమును గ్రహించు ద్వారమును 1997లో గుర్తించి 2021లో నోబెల్ బహుమానము పొందిన డేవిడ్ జూలియస్ బృందము, అది వేడికిని తెరచుకొనునని చూపినది. సుమారు 42 డిగ్రీలకు తెరచుకొను ఆ ద్వారము మద్యసారము తగిలినచో 34 డిగ్రీల ప్రాంతముననే తెరచుకొనును. ఒడలి వేడి 37! మద్యపు మంటయు మిరపమంటయు ఒక్క వాకిటనే వచ్చుచున్నవన్నమాట. గొంతు హెచ్చరించినను త్రాగువాడు దానిని కారమనుకొని మురియును.

లెక్క చూతము. రెండు మద్యములును నూటికి 40 పాళ్లవైనచో ఆ చిన్న గాజులో 36 మిల్లీలీటర్ల మద్యసారమున్నది. నూటికి 5 పాళ్ల బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో నుండునది 32న్నర మాత్రమే. పెద్ద సీసాను చూచి జంకు గృహిణి ఈ గాజును చూచి జంకదు.

హలీస్కోవాసులు టెకీలా ప్రక్కన సంగ్రీత యను నెర్రని రసమును వేరుగా నుంచుకొని మార్చిమార్చి చప్పరించుదురు. అందు మద్యము లేదు: నారింజరసము, నిమ్మరసము, ఎండుమిరప కారము, ఉప్పు, కొందరు దానిమ్మరసమును చేర్తురు. ఆ దేశపు రుచి చూడగోరు ఇంటివారికి దీనికన్న మంచిది మాకు తోచలేదు. చల్లార్చి త్రాగవలెను, కారము వేయునపుడు మాత్రము గుంటూరి మిరపయని మరువరాదు.