పటమే పురాణము: చేర్యాల నకాషీలు, కూనపులివారు

మన కులమునకు గ్రంథస్థమైన పురాణము లేదని చదువుకొన్న పద్మశాలి యువకులు కొందరు చిన్నబుచ్చుకొనుచున్నారు. సంస్కృత మార్కండేయపురాణమున హరిశ్చంద్రోపాఖ్యానము కలదు, దేవీమాహాత్మ్యము కలదు. భావనాఋషి కథ లేదు. కాకతీయ ప్రతాపరుద్రుని సేనానియగు నాగయ గన్నసేనానికి మారన యంకితమిచ్చిన తెలుగు మార్కండేయపురాణమునందును అది కానరాదు. ఇంతమాత్రమున మనము సిగ్గుపడవలసిన పని యేమి? మన పురాణము గుడ్డమీద వ్రాయబడినది. నేతవారికి అంతకంటె తగిన గ్రంథమును మేమెరుగము.

ఆ గుడ్డను చిత్రించువారు నకాషీలు. ‘నక్ష్’ అను మాటనుండి వచ్చిన పేరిది. వారి చేర్యాల పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించి నూరిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి మూడుమారులు పూయుదురు. ఒక పూత చక్కగా ఆరినగాని మరియొకటి పూయరు. గంజిపెట్టుట మనకు క్రొత్తగాదు; మనము పడుగునకు చేయుదానినే వారు నేసిన గుడ్డకు చేయుచున్నారు. పిమ్మట ఉడుతవెండ్రుకల కుంచెతో రేఖలు తీర్చి రంగులు నింపుదురు. శంఖమునుండి తెలుపు, దీపపుమసినుండి నలుపు, పసుపునుండి పచ్చన, నీలిమందునుండి నీలము, ఇంగిలీకమునుండి ఎరుపు వచ్చును. వెనుకభాగమంతయు ఎరుపే. చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి ముఖములును బొమ్మలును చేయుటయు వీరి విద్యయే.

పండ్రెండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున చిత్రమునకు నేల సిద్ధపరచు విధానము వివరముగా నున్నది. అందును తెల్లమట్టి కలదు; బంకకు మాత్రము మహిషచర్మమును కాచి తీసిన వజ్రలేపము చెప్పబడినది. మన పల్లెవారు పెరటి చింతచెట్టుతో ఆ పని గడపుకొనిరి.

పటము చూపి కథ చెప్పుటయు నిన్నటి యాచారము గాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని చారుడు నిపుణకుడు యమపటము చేతబట్టి యిల్లిల్లు తిరుగుచు చందనదాసుని గృహమున ప్రవేశించి రాక్షసుని ముద్రికను తెచ్చును. పటము పట్టినవానిని ఏ గుమ్మమును అడ్డగింపదని ఆ కవి యెరుగును.

తెలంగాణమున ఈ విద్య కులపురాణముల నాశ్రయించి నిలిచినది. మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును, రజకులకు పటమువారు మడేలుపురాణమును చెప్పుదురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందెచ్చులవారికి పటమునకు మారుగా నకాషీల బొమ్మలే సాధనములు. మనకు కూనపులివారు. వారి పటము సుమారు మూడడుగుల వెడల్పున, నలుబది యేబది అడుగుల నిడివిని ఉండును. మొదట విఘ్నేశ్వరుడు; తరువాత మార్కండేయుని యజ్ఞము, అగ్నినుండి భావనాఋషి జననము, విష్ణునాభికమలమునుండి తంతువు గ్రహించుట, దేవతలకు వస్త్రములు నేయుట, సూర్యపుత్రి భద్రావతితో వివాహము, పులివాహనము. ఒక్కొక్క ఘట్టమును విప్పుచు, పుల్లతో చూపుచు పాడుదురు. ఏయే గ్రామములలో ఏ కుటుంబము చెప్పవలెనో వంశక్రమముగ నిర్ణయమై యుండెను. మనవారు ధాన్యము, బట్ట, రొక్కము ఇచ్చుట దానమని తలపరాదు. అది వారికి చెల్లవలసిన హక్కు.

పటము జీర్ణించినపుడు నకాషీయొద్దకు కొనిపోయి దానినిబట్టి క్రొత్తది వ్రాయించుకొని, పాతదానిని యథావిధిగ నదిలో కలుపుదురు. అందుచేత ప్రాచీనపటములు మిగులుట అరుదు. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియమున కొన్ని భద్రముగానున్నవి. మిట్టల్‌గారు వాటినిగూర్చి రచించిన గ్రంథము 2014లో వెలువడినది. ఇంతలో చేర్యాల చిత్రమునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పట్టణములలో గోడకు తగిలించుకొనుటకు ఒంటి ఘట్టముల చిత్రములు అమ్ముడుపోవుచున్నవి. నకాషీల పొయ్యి వెలుగుటకిది మేలే. మేము దానిని నిందింపము. కాని గోడమీది ముక్కకు వెనుక ఘట్టము లేదు, ముందు ఘట్టము లేదు, చెప్పువాడు లేడు.

కావున మహాసభవారు క్రొత్త పటమునకు ధనమిచ్చుటకు ముందు, ఇంకను కథ వచ్చిన కూనపులి వృద్ధుల నెదుట కూర్చుండబెట్టి, ఆద్యంతము పాడించి, యంత్రముపై నెక్కించి, అక్షరబద్ధము చేయింపవలెను. చేర్యాలకు పోవుట ఆ తరువాతి మాట. ఘట్టముల వరుస వారే చెప్పవలెను. నకాషీ దానినిబట్టియే గుడ్డ కొలుచును.