ఫతేమైదాన్ (లాల్ బహదూర్ స్టేడియం)

హైదరాబాదు బషీర్‌బాగ్‌లో, 1887లో ఏర్పడిన నిజాం కళాశాల చెంతనే ఉన్న పాత క్రీడాప్రాంగణం.

1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఇక్కడ విడిది చేసిందని, కోట పడ్డాక దీనికి విజయ మైదానమనే అర్థంలో ‘ఫతే’ పేరు వచ్చిందని చెబుతారు. ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు 1967లో పెట్టారు. పాతబస్తీ వాళ్లకు మాత్రం ఇది ఇప్పటికీ ఫతేమైదానే.

క్రికెట్‌లో ఈ నేలకు అసలైన కీర్తి 1955 నవంబరులో దక్కింది. న్యూజిలాండ్‌తో ఇక్కడ జరిగిన మొదటి టెస్టుకు హైదరాబాదీ గులాం అహ్మద్ నాయకత్వం వహించాడు. సొంత ఊళ్లో దేశానికి నాయకుడు కావడం ఏ ఆటగాడికైనా అపురూపమే. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులతో టెస్టుల్లో భారత్ తరఫున తొలి డబుల్ సెంచరీ కొట్టాడు. కృపాల్ సింగ్ ఆడిన తొలి టెస్టులోనే సెంచరీ చేశాడు, లెగ్‌స్పిన్నర్ సుభాష్ గుప్తే 7 వికెట్లు తీశాడు. మ్యాచ్ డ్రా అయింది.

1969లోనూ, 1988లోనూ ఇక్కడికి టెస్టు ఆడటానికి వచ్చింది న్యూజిలాండే. 1969లో రెండో ఇన్నింగ్స్‌లో 76 పరుగులకే 7 వికెట్లు పోయిన భారత్‌ను వాన కాపాడింది. 1988లో భారత్ 10 వికెట్ల తేడాతో గెలిచింది. 1999 నవంబరు 8న అదే జట్టుపై వన్డేలో సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగులు జోడించారు.

2005 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లు ఉప్పల్‌కు తరలిపోయాయి. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రిగా రేవంత్ రెడ్డి ఇక్కడే ప్రమాణం చేశారు.