మన యింటి తుపాకి

ఇంటికి తుపాకి కొనవలెనని తలచిన గృహస్థు మొట్టమొదట వెల యెంతయని యడుగును. పిమ్మట లైసెన్సు దొరకునా యని యడుగును. దానిని పట్టుకొనుట తనకు తెలియునా యను ప్రశ్న చాలమందికి తోచదు. మన ప్రభుత్వములకును చిరకాలము తోచలేదు. 1878లో ఆయుధముల చట్టము పుట్టినది మొదలు 2016 వఱకు, దరఖాస్తుదారుడు ఎవరు, ఏపాటి మనిషి యని విచారించిరే కాని, తుపాకి వాడుట నేర్చివచ్చినట్లు పత్రము తెమ్మనలేదు. ఈ నూటముప్పదియెనిమిది సంవత్సరముల కథను తణుకు ప్రాంతపు పెద్దలకు విన్నవింపదలచితిని.

గోదావరి జిల్లాకు తుపాకి క్రొత్త కాదు. మన్యపు ముఠాదారులు, జమీందారుల బంట్లు జామగీ తుపాకులు వాడినవారే. గొట్టములో మందు పోయవలెను, గుండు జాఱవిడువవలెను, ఇనుపకడ్డీతో దట్టింపవలెను, పిమ్మట వత్తి ముట్టింపవలెను. ఒక్క దెబ్బకు ఇంత తతంగము! మందు హెచ్చినచో గొట్టము చీలి పేల్చువాని చేయియే పోవును. అందుచేత పెద్దవాని ప్రక్కన నిలిచి చూచి నేర్చినవాడే దానిని ముట్టెడివాడు. ఆయుధముతోబాటు విద్యయు తండ్రినుండి కొడుకునకు వచ్చెడిది.

1857 నాటి తిరుగుబాటు తరువాత దొరతనమువారికి ప్రజలచేతి ఆయుధమన్న భయము పట్టుకొన్నది. లిట్టన్ ప్రభువు వైస్రాయిగా నుండగా 1878లో రెండు చట్టములు వచ్చినవి. దేశభాషా పత్రికల నోరు నొక్కునది యొకటి, ఆయుధముల చట్టము రెండవది. మొదటిదానిని రిప్పన్ ప్రభువు 1882లోనే రద్దుచేసెను. రెండవది 1962 వఱకు బ్రతికినది. దాని క్రింద ఐరోపావారికి, అమెరికనులకు, ఆర్మీనియనులకు మినహాయింపు. ఈ దేశపు రైతునకు లైసెన్సు. 1887లో మదరాసున కూడిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టమును సవరింపుమని తీర్మానించినది. అహింసావ్రతుడైన గాంధీమహాత్ముడు సైతము 1918లో సైన్యమునకు జనులను పిలుచుచు వేసిన కరపత్రములో, జాతినంతటిని నిరాయుధము చేసిన ఈ శాసనమును తీవ్రముగా నిందించెను. జాతిభేదపు మినహాయింపు 1920 నాటి నియమములతో గాని తొలగలేదు.

చట్టము వచ్చిన మఱుసటి యేడే, 1879లో, మన జిల్లా మన్యమున రంప పితూరీ లేచినది. దానికి మూలము కల్లుపై పన్ను, మన్సబుదారుని దోపిడి. నలుబదిమూడేండ్ల తరువాత, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా పడి 26 తుపాకులను, వానితోబాటు తూటాలను పట్టుకొనిపోయెను. అప్పటికి పనికివచ్చు తుపాకి ప్రజలయిండ్లలో గాక ఠాణాలలోనే యున్నదనుటకు వేఱు సాక్ష్యమేల?

మైదానపు రైతు సంగతి వేఱు. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై, డెల్టాలో ధాన్యము పండి, పెట్టెలో నాలుగు రూకలు చేరిన గృహస్థునకు దొంగలభయముకూడ చేరినది. జిల్లా మేజిస్ట్రేటు కలెక్టరే గనుక లైసెన్సునకు కలెక్టరు కచ్చేరీ గతి. ఆ కచ్చేరీ యెక్కడ? తణుకు తాలూకా గోదావరి జిల్లాలో నుండగా కాకినాడ. 1904లో కృష్ణాజిల్లాలో కలిపినప్పుడు బందరు. 1925లో పశ్చిమగోదావరి జిల్లా యేర్పడినప్పుడు ఏలూరు. 2022 ఏప్రిలు నుండి భీమవరము. ఊరు కదలకుండ గోస్తనీతీరముననే యున్నది, కచ్చేరీ మాత్రము నలుదిక్కుల తిరిగినది!

స్వరాజ్యము వచ్చినచో ఈ కట్టు తొలగునని పెద్దలు కొందఱు తలచిరి. 1931లో కరాచి కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కునుగూడ చేర్చినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభ యెదుట హెచ్. వి. కామత్ గారు ఆ హక్కును రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ తెచ్చిరి. అంబేడ్కరు గారు అంగీకరింపలేదు, సవరణ వీగిపోయినది. 19వ అధికరణమున ఆయుధముల ప్రసక్తి యొక్కటే, పౌరులు నిరాయుధులై శాంతముగా సమావేశము కావచ్చునని. నా మట్టుకు అంబేడ్కరు గారి పక్షమే సమంజసముగా తోచుచున్నది. హక్కు అందఱిదియైనచో దోపిడిగానిదియు నగును గదా!

1959 నాటి క్రొత్త చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆత్మరక్షణకు కోరు గృహస్థునకు అందొక సదుపాయము కలదు: గొట్టము లోపల నునుపుగా నుండి, ఇరువది అంగుళములకు తక్కువకాని తుపాకికి, తగిన అభ్యంతరము లేనిచో లైసెన్సు ఈయవలెను. మన పల్లెలలో పన్నెండు బోరు అనునది ఈ జాతిదే. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు పట్టునంత గొట్టమని ఆ పేరునకర్థము. 2019 సవరణ తరువాత ఒక్కరు రెండు తుపాకులకు మించి యుంచుకొనరాదు. లైసెన్సు గడువు అయిదేండ్లు. పెండ్లిలో వేడుకకు పేల్చి యితరుల ప్రాణమునకు అపాయము తెచ్చినచో రెండేండ్ల వఱకు ఖైదు, లేదా లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును.

ఇక విద్య మాట. ఎనుబది నాలుగేండ్ల పాత చట్టము మన యిండ్లనుండి తుపాకిని తీసినప్పుడు, దానిని జాగ్రత్తగా పట్టుకొను నడవడినిగూడ తీసికొనిపోయినదని నా యభిప్రాయము. తూటా తుపాకి వచ్చిన పిమ్మట ప్రమాదము మఱింత హెచ్చినది. నింపుట క్షణములో పని, పేల్చుట చిన్నపిల్లవాని వ్రేలి పని. 2016 నియమములు ఎట్టకేలకు దరఖాస్తుదారుడు శిక్షణ పొందవలెననియు, ఇంట భద్రముగా నుంచెదనని హామీ వ్రాసి యీయవలెననియు శాసించినవి. ఆ శిక్షణను కాగితము కొఱకు గాక పనికొఱకు పొందవలెను.

అందలి ముఖ్యములు మన నేలకు అన్వయించి చెప్పెదను. ప్రతి తుపాకియు నిండియున్నదనియే తలపవలెను. ఇప్పుడే ఖాళీచేసితినని యిచ్చినవాడు చెప్పినను, విప్పి మన కన్నులతో చూడవలెను. గొట్టపుమూతి మనుష్యునివైపు త్రిప్పరాదు. పేల్చు నిశ్చయము కలుగువఱకు వ్రేలు మీటపై నుంచరాదు. గుఱికి వెనుక నేమున్నదో చూడవలెను. మన డెల్టా బల్లపరుపు నేల, అడ్డుకొనుటకు కొండ లేదు, వరిచేలో వంగి కలుపుతీయు కూలీలు కనబడరు. చేనిగట్టు, పంటకాలువ దాటునప్పుడు తూటాలు తీసివేసి దాటవలెను. కాలుజాఱి గొట్టములో బురద దూఱినదా, శుభ్రము చేయక పేల్చినచో గొట్టము పగులును. వానకాలమున తుప్పు త్వరగా పట్టును. నూనె గుడ్డతో తుడుచుచుండవలెను. ఇంట తుపాకి ఖాళీగా తాళములో నుండవలెను. తూటాలు వేఱు పెట్టెలో, వేఱు తాళములో.

ఎప్పుడు పేల్చవచ్చునన్నది అన్నిటికంటె గట్టి ప్రశ్న. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వఱకుండిన ఆత్మరక్షణ సూత్రములు, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వఱకు సెక్షనులైనవి. ప్రాణమునకు గాని, తీవ్రమైన గాయమునకు గాని భయము కలిగినప్పుడు, దోపిడి జరుగునప్పుడు, చీకటివేళ కన్నమువేసి యింట జొచ్చినప్పుడు, వాసగృహమునకు నిప్పుపెట్టునప్పుడు ఈ హక్కు శత్రువు ప్రాణము తీయువఱకు పోవచ్చును. అయినను రక్షణకు కావలసినదానికంటె హెచ్చు హాని చేయరాదు. అధికారుల సాయము పొందుటకు వ్యవధి యుండగా పేల్చరాదు. పెరటిలో కొబ్బరికాయలు కోసికొని గోడదూకి పాఱిపోవువానిని వెనుకనుండి కాల్చి చంపినవాడు ఈ సూత్రముల చాటున దాగలేడు. ముందుగా కేకవేసి, దీపము వెలిగించి, ఇరుగుపొరుగును లేపుట మన పల్లెలలో నేటికిని మంచి రక్షణ. ఇంటిలో కదలినది దొంగయా, దాహమునకు లేచిన కొడుకా యని తెలియక మీట నొక్కరాదు.

పెద్దలకు పనికివచ్చు మాట యొకటి మిగిలినది. లైసెన్సు మనిషికే కాని యింటికి కాదు. యజమాని గతించినచో తుపాకిని అటుకమీద దాచి యుంచుట నేరము. జాప్యము చేయక పోలీసు ఠాణాలోనో, లైసెన్సుగల వర్తకునివద్దనో అప్పగింపవలెను. అంతవఱకు ఆగనక్కఱలేదు: 2016 నియమముల ప్రకారము, డెబ్బదియేండ్లు నిండినవాడైనను, ఇరువదియైదేండ్లు తుపాకి యుంచుకొన్నవాడైనను, తాను జీవించియుండగనే వారసుని పేరిట మార్పించుటకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. తండ్రి యెంత గుఱికాడైనను, చట్టము కోరు అర్హతలన్నియు కుమారునకు వేఱుగా నుండవలెను.